రెండో దీపానికి నూనె

జనవరి 9

ఇందుమూలంగా నమోదు చేయడమేమనగా, ఈ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ మంచురేవు అనుబంధ నవలల్లో ఆరోదాన్ని కొన్నాను. చదివి ఆనందించడానికి కాదు, ఖండించడానికి. ఖండించాలంటే ముందు కొనాలి. ఈ నిబంధన నేను పెట్టింది కాదు.

అసలు మంచురేవు నవలలు తొమ్మిదే. రాసినావిడ తొమ్మిదోది పూర్తిచేసి, కలానికి మూత పెట్టి, కొంతకాలానికి కన్నుమూసింది. ఒక రచయిత్రి నుంచి ఇంతకు మించిన క్రమశిక్షణ ఆశించలేం. అది లేనిది ప్రచురణకర్తలకు. ఆవిడ పోయిన తర్వాత ఎవరెవరి చేతనో రాయించి, అట్ట మీద 'మంచురేవు లోకం నుంచి' అని ముద్ర కొట్టి వదులుతున్నారు. మొదటిదానిలో రేవు వెనక ఎన్నడూ లేని కొండ మొలిచింది. రెండోదానిలో పుట్టుమూగ అయిన గంటకాపరి నోరు విప్పాడు. విప్పినవాడు మళ్ళీ మూయలేదు. నాలుగోదానిలో రేవు మీద మంచు ఎందుకు పడుతుందో శాస్త్రీయంగా వివరించారు. అన్నీ భరించాను. అభిమానికి భరించడం ఉద్యోగధర్మం.

పుస్తకాల షాపాయన దాన్ని సంచీలో పెడుతూ, "ఇది కూడా బాగుండదా సార్?" అన్నాడు.

"ఉండదు" అన్నాను.

"మీలాంటివాళ్ళు చల్లగా ఉండాలి సార్. నచ్చినవాళ్ళు ఒకటి కొని ఊరుకుంటారు. నచ్చనివాళ్ళే వరసపెట్టి అన్నీ కొంటారు."

పుస్తకం పేరు 'చివరి కబురు'. అట్ట మీద పడవ ఉంది, పడవలో ఎవరూ లేరు. అట్ట నాకు నచ్చలేదు.

మరదలు ఫోన్ చేసింది. ఆదివారం వస్తుందట. ఆ కాగితం సంగతే.

జనవరి 10

పుస్తకం తెరవలేదు.

జనవరి 12

మరదలు వచ్చింది. మా కాలింగ్ బెల్లుకు ఒక జబ్బుంది. గట్టిగా నొక్కితే మీట లోపలికి దిగి, ఇల్లంతా ఎగిరిపోయేలా మోగుతూనే ఉంటుంది. మరదలు మెల్లగా నొక్కుతుంది. వచ్చింది ఆమేనని ఆ మోతను బట్టి తెలుస్తుంది.

తమ్ముడు కనబడకుండా పోయి చట్టం అడిగినన్ని ఏళ్లు నిండాయట. వాణ్ణి మృతుడిగా ప్రకటించమని కోర్టులో అర్జీ వేసింది. అమ్మా నాన్నా లేరు గనుక, రక్తసంబంధీకుడిగా నా వాంగ్మూలం కావాలి. వాణ్ణి ఆఖరుసారి ఎప్పుడు, ఎలా చూశానో, తర్వాత ఏ కబురూ రాలేదనీ రాసి సంతకం పెట్టాలి.

"మీరు పెడితే వచ్చే నెలలోనే విచారణకు వస్తుందంటున్నారు బావగారూ, లాయరుగారు."

"చూద్దాం అమ్మా."

"చూద్దాం అని పోయినేడు కూడా అన్నారు."

"విషయం పరిశీలనలో ఉంది" అన్నాను. నీటి సరఫరా ఆఫీసు ఫిర్యాదుల విభాగంలో రోజూ నేను రాసే వాక్యం అది. దానంతటదే నోట్లోంచి వచ్చింది.

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "ఆయన పరిశీలనలో కింది వీధి పైపు కూడా ఉందే చెల్లీ. పోయిన వానాకాలం నుంచి కారుతోంది. అక్కడ నాచు కూడా పట్టింది."

మరదలు నవ్వింది గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆయన ఆమెను పెళ్ళి చేసుకుంటానంటున్నాడు. మంచివాడే, నెమ్మదస్తుడు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా చత్వారానికి అద్దాలు ఇచ్చింది కూడా ఆయనే.

"పెళ్ళికి తొందరేం లేదు బావగారూ. కానీ ఏ కాగితం నింపబోయినా భర్త అనే గడి దగ్గర చెయ్యి ఆగిపోతోంది. ఉన్నాడని రాస్తే ఎక్కడ అంటారు. లేడని రాస్తే ఎప్పుడు అంటారు. రెండింటికీ నా దగ్గర జవాబు లేదు."

చివరి కబురు అనే కొత్త నవల వచ్చిందనీ, దాని అట్ట బాధ్యతారహితంగా ఉందనీ ఆమెకు చెప్పాను. మర్యాద కోసం విన్నది.

జనవరి 14

రెండువందల పన్నెండో పేజీలో వాళ్ళు ఆ పని చేశారు.

రేపు నేనే మర్చిపోయినా ఇక్కడ ఉండాలి గనుక రాస్తున్నాను. మంచురేవులో దీపస్తంభం మీద ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడు కాపరి. చిన్నవాణ్ణి అందరూ గాలివాటం అంటారు; గాలి ఎటు వీస్తే అటు పోయే మనిషి. ఇద్దరూ ఉన్నంతకాలం స్తంభం మీద రెండు దీపాలు. ఒక తెల్లవారుజామున గాలివాటం నీలం వానకోటు వేసుకుని, ఈల వేసుకుంటూ, మలుపులో వెనక్కి తిరిగి చెయ్యి ఊపి, మంచులోకి పడవ తోశాడు. మళ్ళీ రాలేదు. చచ్చిపోయాడని ఆవిడ తొమ్మిది నవలల్లో ఒక్కచోటా రాయలేదు. బతికున్నాడనీ రాయలేదు. రేవులో జనం ఎన్ని చెప్పినా కాపరి రెండో దీపం ఆర్పడు. తొమ్మిదో నవల చిట్టచివరి వాక్యం: 'అతను రెండో దీపానికి నూనె పోశాడు.' అంతే. ఆ వాక్యం తర్వాత ఎవరూ ఏదీ రాయకూడదు. అది వాక్యం కాదు, తలుపు. ఆవిడ దాన్ని తెరిచి ఉంచి వెళ్ళింది.

ఆ తలుపులోంచి వీళ్ళు ఒక శవాన్ని మోసుకొచ్చారు. పడవ చెక్కలు, కోటు, కోటుకు ఊడిన గుండీ సాక్ష్యం. ఎంత పకడ్బందీగా చంపారంటే, ఆ రాసినవాడికి మా ఆఫీసులో వెంటనే ఉద్యోగం ఇవ్వవచ్చు.

చిన్నప్పుడు తమ్ముడూ నేనూ ఒకే దుప్పటి కింద తొమ్మిదీ చదివాం. నేను పైకి చదివేవాణ్ణి, వాడు వినేవాడు. కాపరి నేను, గాలివాటం వాడు. అది ఎవరూ ప్రకటించకుండానే స్థిరపడిన విషయం.

జనవరి 15

ప్రచురణ సంస్థవారికి ఫిర్యాదు రాశాను. నకలు:

'విషయం: మరణించని వ్యక్తిని మరణించినట్లు ప్రకటించుట గురించి. అయ్యా, సదరు వ్యక్తి మరణానికి మూలగ్రంథాలలో ఎట్టి ఆధారమూ లేదు. కేవలం చాలాకాలం కనబడకపోవడం మరణానికి రుజువు కాజాలదు. నిరీక్షించే హక్కు గల బంధువును సంప్రదించకుండా తీసుకున్న ఈ నిర్ణయాన్ని తక్షణం రద్దుచేయవలసిందిగా కోరుతున్నాను.'

మా ఆవిడకు చదివి వినిపించాను. వింటున్నంతసేపూ నా వంక అదోలా చూసింది.

"బాగా రాశారు. లాయరుగారికి కూడా ఇదే పంపుతారా?"

రెండూ వేర్వేరు విషయాలని వివరించాను.

జనవరి 24

జవాబు వచ్చింది. 'మీ అభిప్రాయం మాకు అమూల్యమైనది. దానిని సంబంధిత విభాగానికి పంపించాము. విషయం పరిశీలనలో ఉంది.'

సంబంధిత విభాగం అనేది ఎక్కడా ఉండదని లోకంలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. మా ఆఫీసులో అది నేనే.

జనవరి 26

లాయరుగారు స్వయంగా ఫోన్ చేశారు. "సంతకం మాట తర్వాత చూద్దాం సార్, ముందు వివరాలైనా రాసివ్వండి. నేను టైపు చేయించి ఉంచుతాను. మీకు రాయడం అలవాటే కదా."

అలవాటే. రాయడమంటే ఒప్పుకోవడం కాదు. పైగా వాడి గురించి ఒక అధికారిక పత్రం ఉండబోతున్నదంటే అది సక్రమంగా ఉండాలి. కూర్చుని ఒక్క ఊపులో రాశాను. ఎక్కడా కొట్టివేత లేదు. తెల్లవారుజాము, మంచు, వాడు వేసుకున్న బట్టలు, నడక, ఆఖరి చూపు. నాలుగు పేజీలైంది. నా జ్ఞాపకశక్తి మీద నాకు కొంత గౌరవం కలిగింది.

ఫిబ్రవరి 2

మరదలు లాయరుగారి దగ్గర టైపైన కాగితం తీసుకుని వచ్చింది. ముందుగదిలో కూర్చుని రెండుసార్లు చదివింది. చదివి, నా వైపు తిప్పి బల్ల మీద పెట్టింది.

"ఎవరు బావగారూ ఇతను?"

"అదేమిటమ్మా. మీ ఆయన."

"ఆయనకు నీలం కోటు లేదు. అసలు ఏ కోటూ లేదు. ఆ రోజు వేసుకున్నది గోధుమరంగు స్వెట్టరు. మోచేతి దగ్గర అతుకు వేసింది నేనే. ఈల వేయడం ఆయనకు రాదు. ఎంత వేసినా పళ్ళ సందులోంచి గాలే వచ్చేది."

"మలుపులో వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు" అన్నాను. నా గొంతు నాకే ఆఫీసు గొంతులా వినిపించింది.

"మీరు అక్కడ లేరు."

ఇది నిజం. నేను అక్కడ లేను. వాళ్ళిల్లు వేరే పేటలో.

"నేనున్నాను" అంది. "మేడ మీద నుంచి చూస్తున్నాను. మంచూ లేదు, ఏమీ లేదు; ఎండ కూడా వచ్చేసింది. పనిముట్ల సంచీ తీసుకుని మామూలుగానే పనికి బయల్దేరారు. భోజనం డబ్బా మర్చిపోయారని పిలిచాను. వినిపించుకోలేదు. వెనక్కి తిరగలేదు బావగారూ. వీపు చూశాను, అంతే. ఇన్నేళ్ళూ నా దగ్గరున్నది ఆ వీపొక్కటే. మీరు దానికి మొహం పెట్టి, చెయ్యి ఊపించి, కోటు తొడిగించి పంపారు."

మా ఆవిడ టీ తెచ్చి నిలబడిపోయింది. ఆమె చరిత్రలో ఇటువంటి సందర్భాలు తక్కువ.

"కోటు వాడిదే" అన్నాను. "వాడికి ఆ పుస్తకాలంటే ప్రాణం. తొమ్మిదీ ఇద్దరం కలిసి చదివాం."

మరదలు కాగితం అంచును వేలితో సరిచేసింది. చెప్పాలా వద్దా అని చూస్తున్నట్టుంది.

"ఆయన చదివింది ఒక్కటే బావగారూ, అదీ సగం. మీరు పెళ్ళికి కానుకగా ఇచ్చిన తొమ్మిదిట్లో రెండోది నా కుట్టుమిషను కాలి కింద ఉండేది. మీరు వస్తున్నారంటే తీసి, తుడిచి, బీరువాలో పెట్టేవారు. మీరెళ్ళాక మళ్ళీ కాలి కింద."

"దుప్పటి కింద వినేవాడు" అన్నాను.

"నిద్రపోయేవారు. ఆయనే చెప్పేవారు. కథేమిటో తెలీదు గానీ, అన్నయ్య చదువుతుంటే ఎంత బాగా నిద్ర పట్టేదో అని. పనిలో ఏదైనా గొడవై నిద్ర పట్టనప్పుడల్లా అదే మాట. నాకు విసుగొచ్చి, పోయి మీ అన్నయ్యను పిలుచుకురండి, చదువుతాడు అనేదాన్ని."

టీ చల్లారిపోయింది. ఆమె లేచి కాగితం మడిచింది. కానీ సంచీలో పెట్టుకోలేదు.

"మీరు రాసిన అతన్ని మీరే ఉంచుకోండి. అతను ఎన్నాళ్ళు బతికినా నాకేం అభ్యంతరం లేదు. నా ఆయన్ని మాత్రం నాకిచ్చేయండి."

ఫిబ్రవరి 3

నీలం కోటు మూడో నవలలో, పడవకు తారు పూసే అధ్యాయంలో ఉంది. నేను రాసిన ఊడిన గుండీ కూడా అక్కడిదే.

ఫిబ్రవరి 5

సెలవు పెట్టాను. కారణం: సొంతపని. ఆ పని ఏమిటంటే, తమ్ముణ్ణి గుర్తు చేసుకోవడం.

ఉదయమంతా కూర్చున్నాను. వచ్చినవాడల్లా గాలివాటమే. వాడి కోటు విప్పదీసి పంపించేస్తే కుర్చీ ఖాళీగా ఉంటోంది. కొండ మొలిపించినవాళ్ళను, మూగవాణ్ణి మాట్లాడించినవాళ్ళను నేను అన్నేసి మాటలన్నాను. వాళ్ళు కనీసం అట్ట మీద 'మంచురేవు లోకం నుంచి' అని ముద్ర వేస్తారు. కొనేవాడికి ముందే తెలుస్తుంది.

మధ్యాహ్నం మరదలు ఇంట్లోనే నడిపే కుట్టుషాపుకు వెళ్ళాను. ఆమె ఎవరికో తెరల కొలతలు చెప్తోంది. నన్ను చూసి ఏమీ అడగకుండా స్టూలు జరిపింది. కుట్టుమిషను కింద ఇప్పుడు చెక్కముక్క ఉంది. రెండో నవల బీరువాలోంచి తీసి ఇచ్చింది. అట్ట మీద గుండ్రంగా లోతుగా గుంట. లోపలి పేజీల మీద కూడా ఆ గుంట ఆనవాలు, క్రమంగా తగ్గుతూ, సగం పుస్తకం దాకా ఉంది. వాడి గుర్తు ఉన్న పుస్తకం ఇదొక్కటే. చదవకుండానే సగం దాకా వెళ్ళాడు.

"మిషను కదలకుండా భలే ఆపేది" అంది మరదలు.

ఇంటికి తెచ్చుకున్నాను. నా తొమ్మిదింటి పక్కన పెడితే అది సరిగ్గా నిలబడటం లేదు.

ఫిబ్రవరి 6

వాడు నవ్వేముందు ముక్కు ఎగబీల్చేవాడు. ఇది ఏ నవలలోనూ లేదు. నిర్ధారించుకున్నాను.

ఫిబ్రవరి 9

లాయరుగారి గదిలో కొత్త వాంగ్మూలం రాశాను. నాలుగు పేజీల స్థానంలో తొమ్మిది లైన్లు. లాయరుగారు తిరగేసి చూశారు.

"పాతదే బాగుంది కదా సార్. చదువుతుంటే సినిమా చూసినట్టుంది."

"అందుకే" అన్నాను.

సంతకం పెట్టాను. పెట్టాక ఆయన కలం తిరిగి ఇవ్వడం మర్చిపోయాను. అది ఇప్పుడు నా జేబులో ఉంది.

ఫిబ్రవరి 20

విచారణ. చిన్న గది, ఒకవైపు ఫ్యాను, కిటికీలోంచి స్కూటర్లు నిలిపే చోటు కనబడుతోంది. జడ్జిగారు నడివయసు ఆవిడ. మరదలు చెప్పవలసింది చెప్పి నా వెనక వరసలో కూర్చుంది. కళ్ళజోళ్ళాయన లోపలికి రాలేదు. వరండాలోనే ఉన్నాడు. ఆ మనిషికి ఎక్కడ నిలబడాలో తెలుసు.

"మీ తమ్ముణ్ణి మీరు ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

"కనబడకుండా పోవడానికి ముందు ఆదివారం. మా ఇంటికి వచ్చాడు."

"ఎందుకు?"

"కాలింగ్ బెల్లు బాగుచేయడానికి. వాడు లిఫ్టుల మెకానిక్. చిన్న చిన్న రిపేర్లు వాడే చూసేవాడు."

"ఆ రోజు ఏదైనా బాధలో ఉన్నట్టు కనబడ్డాడా?"

కనబడ్డాడని చెబితే ఒక కథ అవుతుంది. కనబడలేదని చెబితే ఇంకో కథ. కాపరి అయితే ఇక్కడ కిటికీ వైపు చూసేవాడు.

"తెలియదండి" అన్నాను. "స్టూలు మీద నిలబడి పని చేసుకుంటున్నాడు."

"వెళ్ళేటప్పుడు మీతో ఏమైనా చెప్పాడా?"

"చెప్పాడు."

"ఏమని?"

గదిలో టైపు చేస్తున్నాయన చేతులు ఆపి నా వంక చూశాడు.

"'అన్నయ్యా, గట్టిగా నొక్కకు, స్ప్రింగు వదులైంది' అన్నాడు."

"స్ప్రింగా?" అన్నాడాయన.

"రాసుకోండి" అన్నారు జడ్జిగారు.

రాసుకున్నాడు. వాడు నాతో అన్న ఆఖరి మాట ఇప్పుడు అధికారికంగా నమోదైంది. అందులో సముద్రం లేదు. వెనక వరసలో మరదలు ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించింది. నేను వెనక్కి తిరగలేదు.

ఉత్తర్వు వెంటనే రాదట. వచ్చేది మాత్రం ఖాయమని లాయరుగారన్నారు. ఆయన కలం ఆయనకిచ్చేశాను.

ఫిబ్రవరి 21

చివరి కబురు మిగతా భాగం చదివాను. శైలి పేలవం. అచ్చుతప్పులు కూడా ఉన్నాయి. ఆఖరి అధ్యాయంలో కాపరి రెండో దీపం ఆర్పేసి, అందులో మిగిలిన నూనెను మొదటి దీపంలో పోస్తాడు. వాక్యం బాగాలేదు.

రెండుసార్లు చదివాను.

ఫిబ్రవరి 24

ప్రచురణ సంస్థవారికి రాసిన ఫిర్యాదును ఉపసంహరించుకున్నాను. కొండ విషయంలో, గంటకాపరి విషయంలో, మంచు విషయంలో నా అభ్యంతరాలు యథాతథంగా కొనసాగుతాయని స్పష్టం చేశాను.

ఆఫీసులో కింది వీధి పైపు ఫైలు తెరిచాను. 'పరిశీలనలో ఉంది' కొట్టేసి 'పని అప్పగించడమైనది' అని రాశాను. ఇలాంటి వాక్యం మా విభాగం ఫైళ్ళలో చూసి చాలాకాలమైందంటూ, నిజమేనా అని మా సూపరింటెండెంటు సంతకం పెట్టే ముందు రెండుసార్లు అడిగారు.

మార్చి 3

ఉత్తర్వు వచ్చింది. మరదలు ఫోన్‌లో చదివి వినిపించింది. 'మరణించినట్లుగా భావించడమైనది.' భావించడమైనది. ఆ రాసినవారికి భాష తెలుసు.

మా ఆవిడ నిన్న స్విచ్చులు బిగించేవాణ్ణి పిలుద్దామంది. "బెల్లు మార్పిద్దామండీ. వచ్చినవాళ్ళందరినీ బయట నిలబెట్టి పాఠం చెప్పలేక చస్తున్నాను." ఇవాళ ఫోన్ అయ్యాక ఆ మాట ఎత్తలేదు. నేనే, కావాలంటే పిలువు అన్నాను.

"ఉండనివ్వండి. పాఠమే కదా" అంది.

మార్చి 9

ఆదివారం. పదకొండు గంటలప్పుడు మెట్ల మీద రెండు జతల చెప్పుల చప్పుడు. ఒకటి మరదలిది. రెండోది కొత్తది, మెట్టు మెట్టుకూ ఆగి ఎక్కుతోంది. ఇద్దరూ కలిసి మా ఇంటికి రావడం ఇదే మొదటిసారి. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ నా వంక చూసింది. నేను లేచి తలుపు దాకా వెళ్ళి, ఎందుకో అక్కడే ఆగాను.

తలుపు అవతల మరదలి గొంతు, పక్కనున్న మనిషికి మెల్లగా చెబుతోంది:

"గట్టిగా నొక్కకండి, స్ప్రింగు వదులైంది."

బెల్లు ఒక్కసారి, పొట్టిగా మోగింది. తలుపు తీశాను.